వాడిన నీళ్ల లెక్క

ఈ ప్రసంగాన్ని డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి స్మృతికి అంకితం చేస్తున్నాను. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన ఆయన ఇంజనీరింగ్ చదివింది ఈ చెన్నై నగరంలోనే, గిండీ కళాశాలలో. నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1963 నుంచి పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖల మంత్రిగా ఉన్నారు. గంగను కావేరితో కలపాలన్న ప్రతిపాదనను 1972లో దేశం ముందు పెట్టారు. పాట్నా దగ్గర వరద రోజుల్లో 60,000 క్యూసెక్కుల నీటిని తీసుకుని, 2,640 కిలోమీటర్ల దూరం దక్షిణానికి నడిపించాలన్నది ఆ ఆలోచన. ఖర్చు, విద్యుత్తు లెక్కల దగ్గర అది ఆగిపోయింది. అయినా నీరు మిగిలిన చోటి నుంచి కొరవడిన చోటికి తేవచ్చునన్న నమ్మకం మాత్రం మన ఇంజనీర్లలో, నాయకుల్లో, సామాన్య జనంలో పాతుకుపోయింది. చెన్నై నీటి చరిత్ర మొత్తం ఆ నమ్మకం మీదే నడిచింది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ నమ్మకానికి అవతలి వైపు గురించి. నీళ్లు ఎంత దూరం నుంచి తేగలమన్న ప్రశ్నకు ఈ నగరం రెండున్నర శతాబ్దాలుగా ఓపికగా, ఖరీదుగా జవాబులు వెతికింది. తెచ్చి వాడాక ఆ నీళ్లు ఏమవుతున్నాయన్న ప్రశ్నను మాత్రం ఎప్పుడూ వెనక్కే నెట్టింది. నగరానికి నీళ్లిచ్చి మురుగు తీసుకెళ్లే నీటి బోర్డు ఘనతను ఈ రెండో ప్రశ్న మీదే తూచాలన్నది నా వాదం.

మొదటి ప్రశ్న చరిత్రతో మొదలుపెడతాను. ఇక్కడి ఆంగ్లేయుల కోటకు మంచినీళ్ల కోసం 1772లో పెద్దనాయకన్‌పేట ఉత్తరాన బావులు తవ్వారు. ఇప్పటికీ ఆ ప్రాంతాన్ని ఏడు బావుల పేరుతోనే పిలుస్తారు. ఆ నీళ్లు కోటలోని సైన్యానికీ దొరలకూ గాని ఊరికి కాదు. ఊరు తన బావులూ కోనేళ్ల మీదే బతికింది. నగరం మొత్తానికి నీళ్లివ్వాలన్న ఆలోచన 1866లో విలియం ఫ్రేజర్ అనే ఇంజనీరు ప్రతిపాదనతో రూపం కట్టింది. కొసస్థలై నదికి తామరైపాక్కం దగ్గర ఆనకట్ట కట్టి, నీటిని చోళవరం చెరువులోకి, అక్కడి నుంచి పుళల్ చెరువులోకి మళ్లించి, తెరిచిన మట్టి కాలువ ద్వారా కీల్పాక్కం దాకా తెచ్చారు. 1872లో అది పూర్తయింది. కొసస్థలైలో కలిసే నగరి నది మన చిత్తూరు సీమ కొండల్లోంచి వస్తుంది. కాబట్టి కృష్ణా జలాలకు వందేళ్లు ముందే ఈ నగరం తెలుగు నేల మీద కురిసిన వాన తాగుతోందన్నమాట. కానీ ఆ నీటిని వడకట్టే ఏర్పాటు లేదు. మట్టి కాలువలో పారిన నీరు పారినట్టే గొట్టాల్లోకి వెళ్లేది. కీల్పాక్కంలో ఇసుక వడపోత తొట్లు, భూగర్భ జలాశయం వచ్చింది 1914లో. ఆ పని నడిపించిన మ్యాడ్లీ అనే ఇంజనీరు పేరు ఇప్పటికీ త్యాగరాయనగర్‌లో ఒక రోడ్డుకు ఉంది.

ఇక రెండో ప్రశ్న. గొట్టాల్లో నీళ్లు వచ్చిన 1872కూ, మురుగు పారుదలకు నగరవ్యాప్తమైన పథకం పూర్తయిన 1914కూ మధ్య నాలుగు దశాబ్దాల ఎడం ఉంది. ఇంటికి నీళ్లు ఎక్కువగా వస్తే ఇంట్లోంచి మురుగూ ఎక్కువగానే పోతుంది. ఆ నలభై ఏళ్లూ అది వీధి కాలువల్లోకి, కూవం నదిలోకి, బకింగ్‌హామ్ కాలువలోకి పోయింది. 1907లో రూపకల్పన చేసి 1910లో మొదలుపెట్టి 1914కు ముగించిన ఆ మురుగు పథకాన్ని, 1961 నాటికి జనాభా 6.6 లక్షలు ఉంటుందనీ, తలకు రోజుకు 114 లీటర్లు వాడతారనీ ఊహించి వేశారు. 1961 జనాభా లెక్కల్లో మద్రాసు జనం 17 లక్షలు దాటారు. అంచనా తప్పడం నేరం కాదు, యాభై ఏళ్ల తర్వాతి నగరాన్ని ఎవరూ చూడలేరు. తప్పిదం వేరే చోట ఉంది. జనం పెరుగుతున్నకొద్దీ నీటి వనరులు పెంచడానికి పథకం మీద పథకం వచ్చింది గానీ, మురుగు గొట్టాల విస్తరణ ప్రతిసారీ దాని వెనకే, చాలా దూరంలో నడిచింది. ఈ నేల సముద్రమట్టానికి కాస్తంత ఎత్తులో చదునుగా ఉండటం వల్ల మురుగు తనంతట తాను పారదు. పంపింగ్ స్టేషన్ నుంచి పంపింగ్ స్టేషన్‌కు ఎత్తిపోసుకుంటూ వెళ్లాలి. ఎక్కడ మోటారు ఆగినా, గొట్టం పూడినా, దగ్గరున్న వాన కాలువే దిక్కు. వాన కాలువ చివర ఏముంటుందో మనకు తెలుసు.

కూవాన్ని మురికి కాలువ అని ఈసడించేవాళ్లు ఒక సంగతి గమనించాలి. నగరానికి పైన కొరట్టూరు ఆనకట్ట దగ్గర ఆ నది నీటిని బంగారు కాలువ ద్వారా చెంబరంబాక్కం చెరువుకు మళ్లిస్తారు. నగరంలోకి వచ్చేసరికి, వరద రోజుల్లో తప్ప, నదిలో నది నీరు దాదాపు ఉండదు. మనం వదిలినదే ఉంటుంది. అంటే మంచినీటి సరఫరా కోసం చేసిన ఏర్పాటూ, మురుగు విషయంలో చేయని ఏర్పాటూ కలిసి ఒక నదిని ఈ స్థితికి తెచ్చాయి. 1967లో అణ్ణాదురై గారి ప్రభుత్వం కూవం బాగుచేత పథకం ప్రకటించింది. 1973లో అందులో పడవ షికార్లు మొదలుపెట్టారు. ఎన్నాళ్లో నిలవలేదు. 2000 దశకం తొలి ఏళ్లలో కేంద్ర సాయంతో నగర నదుల పరిరక్షణ పథకం వచ్చింది, శుద్ధి కేంద్రాల సామర్థ్యం పెరిగింది, మురుగు నుంచి వచ్చే వాయువుతో కరెంటు తీయడం నేర్చుకున్నారు. అది చిన్న విజయం కాదు. అయినా నది ఒడ్డున నిలబడితే ఆ విజయం కనబడదు, ఎందుకంటే శుద్ధి కేంద్రానికి చేరిన మురుగునే అది శుద్ధి చేయగలదు, చేరనిది నదికే వస్తుంది. బకింగ్‌హామ్ కాలువ గతీ అంతే. ఒకప్పుడు కృష్ణా డెల్టా నుంచి, నెల్లూరు నుంచి ధాన్యం, కట్టెలు, ఉప్పు మోసుకొచ్చిన పడవల దారి అది. 1877-78 ధాత కరువులో, పూట గంజి కోసం వచ్చిన జనం తవ్విన ముక్క నగరం నడుమ అడయారునూ కూవాన్నీ కలుపుతుంది. ఆకలితో తవ్విన కాలువను మనం మురుగుకు వదిలేశాం. దీన్ని తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది, దాచుకోను.

మొదటి ప్రశ్న ఈలోగా ఇంకా దూరాలు వెళ్లింది. మేయరుగా ఎస్. సత్యమూర్తి పట్టుదలతో మొదలైన పూండి జలాశయం 1944లో పూర్తయి ఆయన పేరే పెట్టుకుంది. 1960ల చివర కడలూరు వైపున్న వీరాణం చెరువు నుంచి నీళ్లు తేవాలని పెద్ద పెద్ద గొట్టాలు తయారుచేశారు. పథకం మధ్యలో చెడి, ఆ గొట్టాలు ఏళ్ల తరబడి రోడ్ల పక్కన పడి ఉన్నాయి. కొత్త రూపంలో వీరాణం నీరు, రోజుకు 18 కోట్ల లీటర్ల లెక్కన, నగరానికి చేరింది 2004లో. ఆ నడుమ కృష్ణా కథ ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి వదులుకుంటామని 1976లో ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు మీదుగా ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండికి నీరు చేరడానికి 1996 దాకా పట్టింది. ఆవిరి, ఇంకుడు నష్టాలు పోను 12 టీఎంసీలు సరిహద్దులో ఇవ్వాలి. ఎక్కువ సంవత్సరాల్లో అంతకంటే బాగా తక్కువే వచ్చాయి. కొన్నేళ్లు రెండు మూడు టీఎంసీలతో సరిపెట్టారు. కండలేరు కాలువకు సత్యసాయి ట్రస్టు 2000 తర్వాత లైనింగ్ చేయించాక పరిస్థితి కొంత మెరుగుపడింది. కానీ శ్రీశైలం నిండకపోతే ఏ లైనింగూ నీటిని పుట్టించలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అదీ మన తెలుగువాళ్ల నుంచే. చెన్నై పేరు చెప్పి తవ్విన కాలువ వల్లే కదా రాయలసీమలో, నెల్లూరులో 5.75 లక్షల ఎకరాల సాగుకు ప్రణాళిక సాధ్యమైంది, దూరపు నీటిని తక్కువ చేసి మాట్లాడటం ఎందుకు అని. ఆ మాటలో న్యాయం ఉంది. ఈ కృష్ణా నీటి పథకాన్ని, అంటే తెలుగు గంగను, నేను తక్కువ చేయను. రాష్ట్రాలు నీళ్ల దగ్గర పోట్లాడుకోకుండా పంచుకున్న అరుదైన సందర్భం అది. అయితే ఆ నీటికి మూల్యం చెల్లించినవాళ్లు ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. శ్రీశైలం నీటి కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి ఖాళీ చేయించిన జ్ఞాపకం అక్కడి వాళ్లకు ఇంకా మానలేదు. పోతిరెడ్డిపాడు సామర్థ్యం పెంపు మీద రాష్ట్రాల మధ్య రగడ ఇప్పటికీ ఆరలేదు. ఇన్ని త్యాగాలతో, ఇన్ని తగాదాల నడుమ నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన నీటిని, ఒకసారి గిన్నెలు కడిగి, ఒంటిమీద పోసుకుని, శుద్ధి చేయకుండా కూవంలోకి వదలడం న్యాయమా? దూరపు నీటిని గౌరవించేవాళ్లే ఈ ప్రశ్న ముందుగా అడగాలి. రాయలసీమ రైతు తన పొలం పక్క నుంచి పోయే కాలువను చూస్తూ చెన్నై ఈ నీటిని ఎన్నిసార్లు వాడుకుంటోందని అడిగితే, ఆ ప్రశ్న అడిగే హక్కు అతనికి పూర్తిగా ఉంది.

లెక్క చూద్దాం. లక్ష్మణరావు గారికి ఇష్టమైన పని అదే కదా. ఇటీవలి సంవత్సరాల్లో, వానలు బాగున్నప్పుడు, బోర్డు రోజుకు సుమారు 100 కోట్ల లీటర్లు సరఫరా చేస్తోంది. సరఫరా అయిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని మన దేశంలో ఇంజనీర్లు వేసుకునే ప్రామాణిక అంచనా. అంటే రోజుకు 80 కోట్ల లీటర్లు. ఏడాదికి లెక్కిస్తే 10 టీఎంసీలకు పైమాటే. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం, ఈ నాలుగు పాత చెరువులూ నిండు కుండల్లా ఉన్నప్పుడు పట్టే నీరు మొత్తం 11 టీఎంసీల చిల్లర. కృష్ణా నుంచి పూర్తి వాటా వస్తే 12. అంటే ఈ నగరం ఏటేటా దాదాపు తన నాలుగు చెరువులంత నీటిని వాడి వదిలేస్తోంది. బోరుబావుల నుంచి, ప్రైవేటు ట్యాంకర్ల నుంచి వచ్చిన నీటి మురుగు ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతుంది. పైగా ఈ వనరుకు ఒక గుణం ఉంది. ఈశాన్య రుతుపవనం మొహం చాటేసినా, శ్రీశైలం అడుగంటినా, నగరంలో మనుషులు ఉన్నంతకాలం ఇది రోజూ తప్పకుండా వస్తుంది. నది ఎండే కాలంలోనూ ఎండని నీరు ఈ నగరానికి సముద్రం తర్వాత ఇదొక్కటే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఉత్తర చెన్నైలోని మణలి చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం 1990ల మొదటి ఏళ్లలోనే బోర్డు దగ్గర శుద్ధి చేసిన మురుగునీరు కొనుక్కుని, తమ యంత్రాల్లో మళ్లీ శుద్ధి చేసుకుని వాడటం మొదలుపెట్టాయి. వాటికి మంచినీళ్లివ్వడం నగరానికి భారమైంది, నీళ్లు లేకపోతే ఫ్యాక్టరీ ఆగుతుంది. ఆ అవసరమే దారి చూపింది. దేశంలో చాలా నగరాలు ఈ విషయం ఆలోచించని రోజుల్లో చెన్నై చేసి చూపింది. 2019లో కొడుంగయ్యూరులో, కోయంబేడులో, ఒక్కోటి రోజుకు 4.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో, మూడో దశ శుద్ధి కేంద్రాలు వచ్చాయి. ఒకదాని నీరు మణలి వైపు, రెండోదాని నీరు శ్రీపెరుంబుదూరు, ఒరగడం పారిశ్రామిక వాడలకు వెళుతుంది. బోర్డు చరిత్రలో నేను అన్నిటికంటే మెచ్చుకునే పని ఇదే. మెచ్చుకుంటూనే రెండో లెక్క కూడా చెప్పాలి: రెండూ కలిసి 9 కోట్ల లీటర్లు, నగరం వదిలే 80 కోట్లలో తొమ్మిదో వంతు. తొలి పారిశ్రామిక ఒప్పందానికీ ఈ కేంద్రాలకూ మధ్య దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి. ఆ ముప్పై ఏళ్లలో నగరం రెండు మహా కరువులు చూసింది.

ఆ కరువులనే నా వాదానికి ఎదురుగా నిలబెట్టేవాళ్లున్నారు. 2003-04లో గొట్టాల సరఫరా దాదాపు ఆగి, లారీల మీద బతికాం. 2019లో నాలుగు చెరువులూ ఎండాయి. జూలై 12 నుంచి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చారు. అలాంటి రోజుల్లో గొంతు తడిపేది కొత్త నీరే గాని మురుగు కాదు, కాబట్టి సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రాలే శరణ్యం అంటారు వాళ్లు. మీంజూరు కేంద్రం 2010లో, నెమ్మెలి 2013లో వచ్చాయి, రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున. నెమ్మెలిలో మరో 15 కోట్ల లీటర్ల కేంద్రం 2024లో మొదలైంది. పేరూరులో 40 కోట్ల లీటర్ల కేంద్రానికి 2023లో శంకుస్థాపన జరిగింది. అవి లేకపోతే నగరం గట్టెక్కేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ రైలు లెక్క చూడండి. ఒక రైలు తెచ్చింది 25 లక్షల లీటర్లు. ఆ ఎండాకాలంలో బోర్డు సరఫరా బాగా పడిపోయి రోజుకు 52 కోట్ల లీటర్లకు దిగింది. అందులోంచి మురుగుగా వెళ్లింది 80 శాతం లెక్కన దాదాపు 42 కోట్ల లీటర్లు, అంటే నూట అరవైకి పైగా రైళ్ల నీరు, ప్రతిరోజూ. ఫ్యాక్టరీలకు, నిర్మాణాలకు, తోటలకు, చల్లార్చే యంత్రాలకు ఆ నీరే సరిపోతే, అంతమేరకు మంచినీరు ఇళ్లకు మిగులుతుంది. ఇక ఖర్చు మాట. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది, మురుగునీటిలో అందులో చిన్న వంతు. ఉప్పును వడకట్టే పొర గుండా నీటిని నెట్టడానికి కావలసిన పీడనం ఉప్పును బట్టి పెరుగుతుంది, కరెంటు ఖర్చు పీడనాన్ని బట్టి. సముద్రాన్ని శుద్ధి చేయగల స్తోమత ఉన్న నగరానికి తన మురుగును శుద్ధి చేసే స్తోమత లేదనడం కుదరదు.

తాగడానికి ఒప్పుకుంటారా అన్నది మరింత గట్టి అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచి శుద్ధి చేసిన మురుగును తాగునీటిలో కలుపుతోంది. మలేషియా నీటి మీద ఆధారపడటం తగ్గించుకోవాలనుకున్న సింగపూర్ 2003 నుంచి ఆ నీటిని ఎక్కువగా పరిశ్రమలకు, కొంత జలాశయాలకు ఇస్తోంది. ఆ దేశాల్లో సాధ్యమైంది కాబట్టి ఇక్కడా రేపే మొదలుపెట్టమని నేను అనను. మన మురుగులో చిన్న కార్ఖానాల రసాయనాలు కలుస్తాయి. వాటి మీద నిఘా లేకుండా ఆ నీటిని చెరువుల్లోకి వదలడం ప్రమాదం. బెంగళూరు శుద్ధి చేసిన మురుగును 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతోంది. ఎండిన చెరువులు నిండాయని సంతోషించిన రైతులున్నారు, రెండో దశ శుద్ధి చాలదని ఆందోళన చెందినవాళ్లూ ఉన్నారు, ఇద్దరి మాటలోనూ నిజముంది. నేననేది ఒక వరుస పాటించమని. మొదట పరిశ్రమలు, తర్వాత తాగడం తప్ప మిగతా నగర అవసరాలు, ఆ తర్వాత, పరీక్షల ఫలితాలు జనం చూడగలిగినప్పుడు, చెరువులు. పోరూరు చెరువులోకి బాగా శుద్ధి చేసిన నీరు వదలాలన్న ఆలోచన బోర్డుకు ఉంది. అది నమ్మకం కుదిరిన తర్వాత జరగవలసిన పని. మరో సంగతి. అభ్యంతరం చెప్పే మనం ఇప్పుడు తాగుతున్నదేమిటి? మురుగు ఇంకిన నేల నుంచి తోడిన బోరు నీటిని తెచ్చిన ట్యాంకరు దగ్గర ఏ పరీక్షా అడగకుండా బిందెలు పెడుతున్నాం. మీంజూరు వైపు అతిగా తోడి భూగర్భంలోకి సముద్రాన్ని మైళ్ల కొద్దీ లోపలికి రప్పించుకున్నాం. అడ్డూ అదుపూ లేని పునర్వినియోగం మన కింద ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది.

అసలు ఈ రెండో ప్రశ్న ఎందుకు ఇంత వెనకబడింది? డబ్బు చాలక అని ఒక జవాబు. నాకది చాలదు. ఇంజనీరింగ్ కష్టం అంటే అదీ చాలదు, కృష్ణను శ్రీశైలం నుంచి తెచ్చినవాళ్లకు నగరంలోని మురుగును కోయంబేడు చేర్చడం చేతకాని పనా? నా జవాబు కులం. మురుగు పని ఎవరు చేయాలో ఈ సమాజం ముందే నిర్ణయించేసి, ఆ తర్వాత దాన్ని గురించి ఆలోచించడం మానేసింది. నెల్లూరు నుంచి, ఇతర తెలుగు జిల్లాల నుంచి వచ్చి తరతరాలుగా ఈ నగర పారిశుద్ధ్యం మోస్తున్న ఆది ఆంధ్ర, అరుంధతీయ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చెన్నై తెలుగువారి చరిత్ర రాసేటప్పుడు మనం పచ్చయ్యప్ప కళాశాల దగ్గర, సినిమా స్టూడియోల దగ్గర ఆగుతాం, మ్యాన్‌హోల్ దాకా వెళ్లం. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ చట్టం 1993లో వచ్చింది, మళ్లీ 2013లో వచ్చింది. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఆ 2014 తీర్పు వెనక సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే ఉద్యమం ఉంది. దాన్ని నిర్మించిన వారిలో కోలారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఒకరు. ఇన్ని చట్టాల తర్వాతా, ప్రైవేటు ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల్లోనూ వీధి గొట్టాల్లోనూ మనుషులు ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు, ఆ జాబితాల్లో తమిళనాడు ముందు వరుసలో ఉంది. యంత్రాలు రావడం మొదలైంది, మంచిదే. కానీ ఒక మనిషి దిగితే సరిపోతుందని నమ్మిన నగరం మంచి గొట్టం వేయదు. ఆ నమ్మకం చౌకగా దొరికినంతకాలం మురుగు వ్యవస్థ బాగుపడదు. కాబట్టి కార్మికుడి ప్రాణం, నది ప్రాణం వేర్వేరు విషయాలని నేను అనుకోను.

ఈ వెనకబాటుకు ఎవరిని నిలదీయాలో తెలియాలంటే బోర్డు పుట్టుక కూడా చూడాలి. మద్రాసు కార్పొరేషన్ పాలకవర్గాన్ని 1973లో రద్దు చేశారు, అవినీతి ఆరోపణల మీద. మళ్లీ ఎన్నికలు జరిగింది 1996లో. ఈ ఇరవై మూడేళ్ల ఖాళీ మధ్యలో, 1978 ఆగస్టు 1న, నీరూ మురుగూ రెండూ కార్పొరేషన్ చేతిలోంచి తీసి చెన్నై మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డుకు, అంటే జనం నోట మెట్రోవాటర్‌కు, అప్పగించారు. నగరానికి ఎన్నికైన సభ లేని రోజుల్లో, నగరం రోజూ వాడే సేవ ఎన్నికైన సభ నుంచి దూరమైంది. దీనికి సమాధానం ఉంది: రాజకీయాల ఒత్తిడి లేని నిపుణుల సంస్థ కాబట్టే ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చి పనులు చేయగలిగింది, కార్పొరేషన్ ఎల్లలు దాటి పనిచేయగలిగింది. 2011లో నగరం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగినప్పుడు అలాంటి సంస్థ ఉండటం మేలైంది. ఇదంతా నిజమే. అయితే ఆ చేరిన పేటల్లో చాలావాటికి మురుగు గొట్టాలే లేవు. మురుగు లారీలు రాత్రిపూట దాన్ని కాలువల్లోకి వదిలిన పేటలున్నాయి, పళ్లికరణై చిత్తడి నేల దాని దెబ్బ తిన్నది. ఒక వార్డు మనిషి తన వీధి మురుగు గురించి ఎవరిని నిలదీయాలి? కౌన్సిలర్ దగ్గరికి వెళితే బోర్డు పని అంటారు. బోర్డు మంత్రికి జవాబుదారీ, వీధికి కాదు. నిపుణత కావాలి, దాన్ని నేను కాదనను. నిపుణతను అడిగే చోటు కూడా కావాలి.

అందుకే నా సూచన చిన్నది, రేపటి నుంచే చేయదగినది. ప్రతి ఉదయం ఈ నగరం పూండిలో ఎంత నీరుంది, పుళల్‌లో ఎంత ఉంది అని పేపర్లో చూస్తుంది. ఆ అంకెల పక్కనే, అదే శ్రద్ధతో, మరికొన్ని రావాలి: కొడుంగయ్యూరు, కోయంబేడు, నేసపాక్కం, పెరుంగుడి కేంద్రాలకు నిన్న ఎంత మురుగు చేరింది, అందులో ఎంత శుద్ధి అయింది, ఏ పంపింగ్ స్టేషన్ ఎన్ని గంటలు ఆగింది, ఎంత నీరు తిరిగి వాడకానికి వెళ్లింది, ఎంత నదిలో కలిసింది. మురుగు లోపలికి మనిషి దిగవలసి వచ్చిన సందర్భం ఉంటే అదీ, ఎవరి ఆజ్ఞ మీద దిగాడన్నదీ. ఇవే అంకెలు వార్డు వారీగా కార్పొరేషన్ సభ ముందు నెలనెలా పెట్టాలి, బోర్డు అధికారి అక్కడ కూర్చుని జవాబు చెప్పాలి. చాలా ఇళ్లకు మీటర్లు లేవు, నీళ్ల చార్జీని వాడకంతో పనిలేని స్థిర మొత్తంగానే కడుతున్నారు. కనీసం పెద్ద అపార్ట్‌మెంట్లకు, హోటళ్లకు, ఆసుపత్రులకు నీటి మీటరుతో పాటు వాళ్లు వదిలే మురుగుకూ లెక్క ఉండాలి, బోరు నీటితో సహా. పేరూరు కేంద్రం పూర్తయ్యాక అక్కడి నుంచి వచ్చే 40 కోట్ల లీటర్లలో 80 శాతం, అంటే రోజుకు 32 కోట్ల లీటర్ల కొత్త మురుగు, ఏ గొట్టంలో ఏ కేంద్రానికి వెళుతుందో, ఆ కేంద్రం ఎప్పటికి సిద్ధమవుతుందో బోర్డు ఇప్పుడే చెప్పగలగాలి.